టంకం కరిగిన కోతి

రాజమ్మాళ్ కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి కూతురి కుడికన్ను తుడుస్తోంది. ఆరేళ్ల కృష్ణమ్మాళ్ కదలకుండా కూర్చుంది. ఒకప్పుడు ఆ పిల్లను పట్టి తల దువ్వాలంటే ఇద్దరు కావలసి వచ్చేది. మదురై ఆసుపత్రిలో ఇరవై రోజులుండి వచ్చాక అల్లరంతా పోయింది. తల్లికి ఆ బుద్ధిమంతురాలిని చూస్తేనే ఏడుపొస్తుంది. ఆ కంటికి చూపు రాదని డాక్టరు చెప్పిన మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు.

ఆమె భర్త అళగర్‌సామి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు.

"ఆ కోతి ఏడ పెట్టిండారు? కోవిల్‌పట్టికి పోతా ఉండాను. వక్కీలు తెమ్మనె."

రాజమ్మాళ్ తల ఎత్తలేదు. "అత్తను అడగండి" అంది.

అది రేకు కోతి. విరుదునగరంలో పంగుని పొంగలి తిరునాళ్లకు పోయినప్పుడు పిల్ల చేయి పట్టి లాగి మరీ చూపించింది. తాళం తిప్పితే డోలు కొట్టేది. కొన్న మూడో రోజు పిల్ల వాకిట్లో కూర్చుని తాళం తిప్పుతుంటే కోతి వీపు పగిలి, లోపలి స్ప్రింగు ఎగిరి కంట్లో పొడుచుకుంది.

ఆ వీపుమీద రేకును అతికించే టంకం ముద్ద ఉండేది. అంటే అది ముందే ఒకసారి పగిలిన బొమ్మ. ముందొకసారి వెళ్లినప్పుడు ఈ మాట వినగానే కోవిల్‌పట్టి వకీలు రామచంద్రన్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అంగడివాడికి నోటీసు ఇవ్వవచ్చు, పోలీసులకు ఫిర్యాదు చెయ్యవచ్చు, పిల్ల పేరున తండ్రి నష్టపరిహారానికి దావా వెయ్యవచ్చు అన్నాడు. మూడింటికీ ఆ బొమ్మే సాక్షి, భద్రంగా పట్టుకు రమ్మన్నాడు. నెలరోజుల తర్వాత ఆ ఇంట్లో వాళ్లకు కాస్త ఊపిరాడింది ఆ ఒక్క మాటతోనే.

అళగర్‌సామి తల్లి బొమ్మక్క పంచలో పత్తి ఒలుస్తోంది.

"ఆ పీడ ఇంగ ఏడుండాది? పొయ్యిలో వేసేస్తిని" అంది తాపీగా.

"పొయ్యిలోనా?"

"పిల్ల రక్తం చూసిన వస్తువు ఇంట్లో పెట్టుకుంటారా? మీరంతా మదురైలో ఉంటిరి. పిల్ల లేదని దాని పావాడకే ముమ్మారు తిప్పి, ఉప్పూ మిరపకాయలూ కలిపి పత్తికట్టె మంటలో వేస్తిని. మా అమ్మా అట్లే చేసె, మా అవ్వా అట్లే చేసె."

"ఒక మాట అడగరాదా అమ్మా? మనకుండే సాక్షి అదొక్కటే. కోర్టుకు ఏం చూపించేది ఇంగ?"

"నాకు కోర్టు తెలుసునా నాయనా? నాకు దిష్టి తెలుసు."

అళగర్‌సామి తువ్వాలు నేలకేసి కొట్టాడు. "అంగడోడు కన్ను తీసె. నువ్వు మన నోరు కట్టేస్తివి" అనేశాడు. బొమ్మక్క చేతిలోని పత్తికాయ అలాగే ఉండిపోయింది. అంత మాట అనాల్సింది కాదని రాజమ్మాళ్‌కు అనిపించింది. కానీ కన్ను పోయింది ఆమె కూతురికి.

పెరట్లో బూడిద కుప్ప కెలికితే కోతి దొరికింది. రంగు లేదు, ముఖం లేదు. వీపుమీద చీలిక ఉంది, టంకం ముద్ద మాత్రం మంటకు కరిగిపోయింది.

కోవిల్‌పట్టిలో రామచంద్రన్ ఆ నల్లరేకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచి బొమ్మను మీరే మంటలో వేసి పగలగొట్టి తెచ్చారని అంగడివాడు అంటాడు. ఏమని జవాబు చెప్పను?" అన్నాడు తమిళంలో.

"టంకం నేను కళ్లారా చూశాను సామీ. ఇదేమిటని అడిగాను కూడా. గట్టిగా ఉండడానికి వేసిందని అంగడివాడు అన్నాడు."

"చూశావు. మరి చూసీ ఎందుకు కొన్నావని మొదట అదే అడుగుతారు."

అళగర్‌సామికి ఆ తిరునాళ్ల రోజు కళ్ల ముందు మెదిలింది. పిల్ల చేయి లాగుతోంది, డోలు మోగుతోంది, అతను నవ్వుతున్నాడు. అందుకే కొన్నాడు. ఈ మాట ఏ కోర్టు వింటుంది?

"పిల్ల పెద్దదయ్యాక కూడా దావా వెయ్యడానికి కొంత గడువుంటుంది. అయితే సాక్ష్యం ఉండాలి కదప్పా" అని వకీలు ఆ రేకును మెల్లగా ముందుకు తోశాడు.

అతను ఇల్లు చేరేసరికి బొమ్మక్క అదే పంచలో, అదే చోట కూర్చుని ఉంది. పొద్దుట్నుంచీ మెతుకు ముట్టలేదని రాజమ్మాళ్ చెప్పింది.

"ఏమనె వక్కీలు? నా వల్లనే పోయెనా?"

అతను చేతిలో రేకుతోనే తల్లి పక్కనే కూలబడ్డాడు.

"టంకం చూసీ కొన్నది నేను అమ్మా. వక్కీలు అదే అడిగె. నిన్ను అనరాని మాట అంటిని" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బొమ్మక్క అతని తలమీద చెయ్యి వేసింది. తనూ ఏడ్చింది. గడపలో నిలబడ్డ రాజమ్మాళ్ వచ్చి అత్త చేతిలో గంజి చెంబు పెట్టింది.

ఏడుపు విని కృష్ణమ్మాళ్ బయటికొచ్చింది. ఎడమకంటితో చూడడానికి మెడ పూర్తిగా తిప్పి తండ్రి చేతిలోని రేకును చూసింది.

"కోతి వచ్చిండాదా నాయనా? దాని తాళం నా దగ్గరే ఉండాది."

పావాడ ముడి విప్పి చిన్న ఇత్తడి తాళం చూపించింది. మదురైకి బండి ఎక్కించినప్పుడు పిల్ల గుప్పిట్లోనే ఉండిపోయిందట.

బొమ్మక్క చెయ్యి చాపి తాళం తీసుకుంది. పొయ్యిలో వేస్తుందేమోనని రాజమ్మాళ్ ఒక అడుగు ముందుకు వేసింది. ముసలామె దాన్ని పైట కొంగుకు రెండు ముడులు వేసి కట్టింది.

"దీన్ని పారెయ్యను నాయనా. కోర్టోళ్లు అడిగితే నేనే వచ్చి ఇస్తాను" అంది.

ఆ తాళం దేనికీ సాక్ష్యం కాదని ఆమెకు చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరికీ మనసు రాలేదు.