బొత్తాం వెనక ముడి

"మా చొక్కాల బొత్తాలు ఊడిపోయాయండీ!" అంటూ పుష్పకుమారి నెల్లూరు ఆఫీసులోకి అడుగుపెట్టేసరికి అసిస్టెంటు కిషోర్‌కు నవ్వొచ్చింది. బొత్తాం ఊడితే దర్జీ దగ్గరికి పోవాలి గానీ, డిటెక్టివ్ అబిగయీలు దగ్గరికి రావడమేమిటి? తీరా ఆవిడ కళ్లల్లో నీళ్లు చూశాక నవ్వు మింగేసి కుర్చీ జరిపాడు.

పుష్పకుమారికి కొడవలూరు హైవే పక్కన చొక్కాల ఫ్యాక్టరీ ఉంది. మిషన్ మీద కుట్టిన ప్రతి బొత్తానికీ వెనకవైపు చేత్తో ఒక ముడి వేయడం అక్కడి పద్ధతి. ఇందుకూరుపేట తీరం నుంచి పనికొచ్చే జాలర్ల ఆడవాళ్లు తెచ్చిన వల ముడి అది. గుడ్డ చినిగినా బొత్తాం ఊడదని పేరు. ఆ పేరు విని ఒక విదేశీ కంపెనీ ఐదేళ్ల ఆర్డరుకు సిద్ధమైంది. కానీ వాళ్ల తరఫున వచ్చిన షారన్ ఆ ఉదయం శాంపిలు చొక్కాలు లాగి చూస్తే బొత్తాలు టపటపా రాలాయి.

"సాయంత్రంలోగా కారణం చెప్పకపోతే ఆర్డరు పోతుందండీ. రేటు తగ్గించి కుట్టేవాళ్లు బోలెడుమంది. వాళ్లతో పోటీపడలేక ఫ్యాక్టరీకి తాళం వేసుకోవాల్సిందే. మేనేజరు ముఖేషేమో ఇది చెంచులక్ష్మి పనే అంటున్నాడు. ముడుల టేబులు ఆమెదే మరి."

ఫ్యాక్టరీకి వెళ్లగానే అబిగయీలు సగం ఊడి వేలాడుతున్న బొత్తాన్ని తిప్పి చూసింది.

"కిషోర్, ఈ ముడి కొస ఎటుంది?"

"కుడివైపుంది అక్కా."

టేబులు మీదున్న కొత్త చొక్కాలన్నిటికీ ఎడమవైపు ఉంది. అదీ చూశాడు కిషోర్. చూసి ఏం లాభం, పాపం, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!

చెంచులక్ష్మి తలెత్తి నిలబడింది. "నా ముడిని నేనే చెడగొట్టుకుంటానామ్మా? మాయమ్మ పక్కన కూర్చొని వలలు అల్లతా నేర్చుకున్నా. ఈ పిల్లోళ్లందర్నీ నా పక్కన కూర్చోబెట్టుకొనే నేర్పినా. స్టోరు మస్తాన్ కూడా అట్టనే నేర్చుకున్నాడు."

"ఇది మేనేజర్లకు వచ్చే విద్య కాదులే," అంది అబిగయీలు తాపీగా.

టేబులుకు అవతల నిలబడ్డ ముఖేష్‌కు రోషం పొడుచుకొచ్చింది. "ఏమంత బ్రహ్మవిద్యండీ ఇది? రోజూ ఇక్కడ నిలబడి చూస్తూనే ఉన్నా!" చిటికెలో ఒక గుడ్డముక్క మీద ముడి వేసి చూపించాడు. అబిగయీలు మెచ్చుకుని ఆ ముక్క దాచుకుంది.

సాయంత్రం షారన్‌తో సహా అందరినీ ఆ టేబులు చుట్టూ నిలబెట్టింది.

"చెంచులక్ష్మి పక్కన కూర్చొని నేర్చుకున్నవాళ్ల ముడికి కొస ఎడమవైపు వస్తుంది. ఊడినవాటికి కుడివైపు ఉంది, అచ్చం అద్దంలో చూసినట్టు. ఎదురుగా నిలబడి, చూసి నేర్చుకున్న చెయ్యి అది." ముఖేష్ వేసిన ముక్కను వాటి పక్కన పెట్టింది. కొస కుడివైపే ఉంది. "అసలు కుట్టు కోసేసి, వదులుగా మళ్లీ కుట్టాడు. నింద ఆమె మీద పడాలని వెనక ఈ ముడి బిగించకుండా వేశాడు."

ముఖేష్ మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "ఆర్డరు వాళ్లకు వచ్చేలా చేస్తే జనరల్ మేనేజర్ని చేస్తామన్నారు, ఇంకో కంపెనీవాళ్లు," అని గొణిగాడు. పుష్పకుమారి గుమ్మం చూపించింది.

షారన్ కొత్త చొక్కా ఒకటి తీసుకుని బలమంతా పెట్టి బొత్తాన్ని లాగింది. గుడ్డ పర్రున చినిగింది. బొత్తాం మాత్రం ఆ చినిగిన పేలికను పట్టుకునే ఉంది. "భలే!" అని కిషోర్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. తనే కేసు ఛేదించినంత గర్వంగా ఉంది అతనికి.

"ఆర్డరు మీదే," అంది షారన్. "కానీ ఐదేళ్ల తర్వాత? ఈలోగా ఈ ముడి వీడియో చూసి ఇంకెవరైనా నేర్చుకుంటే?" అంటూ, పరీక్షించడానికన్నట్టు ఫోను తీసి, చెంచులక్ష్మి చేతులకు గురిపెట్టి టేబులుకు అవతల నిలబడింది.

చెంచులక్ష్మి పకపకా నవ్వింది. "ఎదురుగా నిలబడి నేర్చుకుంటే ఎట్ట తిరగబడతాదో ఇప్పుడే చూసినావు గదమ్మా! ఆ ఫోను లోపల పెట్టు. ఇట్ట వచ్చి నా పక్కన కూర్చో."

షారన్ ఫోను లోపల పెట్టి, ఆమె పక్కకు కుర్చీ లాక్కుంది.