ఎడమ వైపు కుంగిన వ్యాను

బండి గేటు దాకా రాకముందే దాని జబ్బేమిటో చెప్పేవాణ్ణి నేను. గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాట. వీధి మలుపులో గతుక్కి టక్కుమంటే బుష్ పోయినట్టు, కటకటమంటే బాల్ జాయింట్ వదులైనట్టు, టీ గ్లాసు కింద పెట్టకుండానే చెప్పేసేవాణ్ణి. ఒకసారి నిద్రలో కూడా చెప్పానట. మా ఆవిడే సాక్షి. జాకీ దొరక్కపోతే లారీని భుజంతో ఎత్తిపట్టుకుని చక్రం మార్చిన సంగతి మీరు వినే ఉంటారు. వినకపోతే మీ దురదృష్టం.

అలాంటి నన్ను ఒక డొక్కు వ్యాను, పట్టపగలు, నా సొంత షెడ్డులో బంధించింది.

ఆ వ్యాను మా చెల్లెలి మొగుడిది. మనిషి మంచివాడే, కాకపోతే బండిని రంగు చూసి కొనే రకం. సవారీలు తిప్పుకుందామని ఎక్కడో వేలంలో పాడుకుని, వారం తిరక్కుండానే నా దగ్గరికి ఈడ్చుకొచ్చాడు.

"బావా, ఎక్కినవాళ్ళు సగం దారిలో దిగిపోతున్నారు. బండి ఎడమకి లాగేస్తోందట. ఇరుకుగా కూడా ఉందట. సగం సీట్లు ఖాళీగా ఉంటే ఇరుకేమిటి బావా?"

"నువ్వు కబుర్లు మొదలెడితే ఖాళీ మైదానం కూడా ఇరుకే," అన్నాను.

చూడగానే తెలిసింది. వెనక ఎడమ మూల కుంగి ఉంది. ఆ మూల మీద రెండు చేతులూ వేసి బలంగా నొక్కి వదిలాను. మంచి బండైతే ఒక్కసారి పైకి లేచి కుదురుకుంటుంది. షాక్ అబ్జార్బర్ పోయిన బండి ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఇది ఊగలేదు. లేవనూ లేదు. నొక్కిన చోటే ఉండిపోయింది, బస్తా ఏదో ఎక్కించినట్టు.

బరువు మోసే కమాను పట్టీ విరిగి ఉంటుందనుకుని పట్టీల కట్ట మొత్తం కొత్తది వేశాను. షాక్ అబ్జార్బర్ మార్చాను. ఇంకో మెకానిక్ అయితే సాయంత్రం దాకా సాగదీసేవాడు. నేను టీ చల్లారేలోపు ముగించాను. జాకీ దించాను. వ్యాను నిదానంగా, తీరిగ్గా, మళ్ళీ ఎడమకే ఒరిగింది.

"కొత్తవే వేశావా?" అన్నాడు మా బావ.

"నోరు మూసుకుని స్టీరింగ్ ముందు కూర్చో," అన్నాను.

మా పనిలో ఒక పద్ధతుంది. స్టీరింగ్‌లో వదులు ఎక్కడుందో కంటికి కనిపించదు. ఒకడు పైన కూర్చుని స్టీరింగ్ తిప్పాలి. ఇంకొకడు బండి కింద, షెడ్డు నేలలో తవ్విన గోతిలో నిలబడి, చక్రాలను కలిపే టై రాడ్ చివర జాయింటు పట్టుకోవాలి. కిందివాడు ఎడమంటే ఎడమ, కుడంటే కుడి. తేడా ఉంటే చేతికి దొరికిపోతుంది. ఏ జబ్బూ నా చేతిలోంచి ఎన్నడూ తప్పించుకోలేదు.

వ్యానును గోతి మీదికి తెచ్చాం. వాన జల్లు లోపలికి కొడుతోందని షట్టర్ సగం దించాం. గోతి మెట్లు వ్యాను వెనక వైపున్నాయి. బంపర్ కింది నుంచి ఒదిగి దూరితే మనిషి పడతాడు. అలాగే దిగాను.

గోతిలో పాత ఆయిలు వాసన. గోడలకు చెమ్మ. రేకుల మీద వాన మోతకి నా మాట నాకే వినబడటం లేదు. వైరుకి వేలాడదీసిన బల్బు ఒక్కటే దిక్కు.

"ఎడమ!" అని అరిచాను. రాడ్ కదిలింది. "కుడి!" కదిలింది.

కరెంటు పోయింది.

నాకు వెలుగెందుకు? కళ్ళకు గంతలు కట్టినా ఇంజను విప్పి బిగిస్తాను. "కానివ్వు బావా! ఎడమ!" కదిలింది. "కుడి!" కదిలింది. ఎంత నిదానం, ఎంత మెత్తన! ఇన్నాళ్ళకి మా బావకి చెయ్యి తిరిగిందని మెచ్చుకున్నాను కూడా.

అప్పుడు షట్టర్ దబదబా మోగింది. బయట్నుంచి మా బావ కేక.

"బావా! టార్చి తెద్దామని పక్క కొట్టుకెళ్ళాను. వచ్చేసరికి షట్టర్ పూర్తిగా దించేశావేంటి? నేను లాగితే రావటం లేదు!"

నా చెయ్యి ఇంకా జాయింటు మీదే ఉంది.

మరి పైన...

నేను నోరు విప్పలేదు. అయినా రాడ్ ఎడమకి కదిలింది. ఆగకుండా... చివరిదాకా. నా కుడి చెయ్యి రాడ్‌కీ బండి అడుగు ఛాసిస్‌కీ మధ్య ఇరుక్కుంది. లాగాను. రాలేదు. ఒంట్లో బలమంతా వేసి లాగాను. వేళ్ళ ఎముకలు కలుక్కుమన్నాయి.

కిర్రు...

వెనక ఎడమ కమాను ఇంకాస్త కుంగింది. తర్వాత కుడిది. తర్వాత ముందు వైపు. తలుపు తీసిన చప్పుడు లేదు, వేసిన చప్పుడు లేదు. ఒకరి తర్వాత ఒకరు ఎక్కి సర్దుకుంటున్నట్టు... కిర్రు... కిర్రు... ఛాసిస్ నా నెత్తికి తగిలింది. మెడ వంచాను. ఇంకా దిగింది. మోకాళ్ళు వంచాను. మెట్ల దగ్గర బంపర్ కింద, షట్టర్ సందులోంచి సన్నగా కనిపిస్తున్న వెలుతురు గీత... అదీ మూసుకుపోయింది.

ఆయిలు వాసన పోయింది. ఇప్పుడు వేరే వాసన. తడి బట్టలతో ఎంతోసేపు కదలకుండా కూర్చున్న మనుషుల వాసన.

"కుడి," అన్నాను. రాడ్ కదల్లేదు. "కుడికి తిప్పండి." నా జన్మలో ఏ డ్రైవర్నీ అండీ అని ఎరగను.

అంత వాన మోతలోనూ, నెత్తి మీద నుంచి, గుసగుసగా...

"బాగైందా?"

పనివాణ్ణి కదా. ఉన్నది చెప్పాను.

"లేదు... బరువెక్కువైంది. దిగాలి."

"దిగితే... మమ్మల్నెవరు తీసుకెళ్తారు?"

ఛాసిస్ మెడ మీదికొచ్చింది. చెయ్యి మొద్దుబారిపోతోంది. ఆ చెయ్యి పోతే నేనెవణ్ణి? షట్టర్ అవతల మా బావ ఏదో అరుస్తూనే ఉన్నాడు. చాలా దూరం నుంచి అరుస్తున్నట్టుంది.

"నేను," అన్నాను. "నేను తీసుకెళ్తాను... దిగండి."

రాడ్ మెల్లగా కుడికి జరిగింది. చెయ్యి ఊడివచ్చింది. కమాన్లు ఒక్కొక్కటే పైకి లేచాయి. మెట్ల మీద వెలుతురు పడింది. బంపర్ కిందుగా ఎలా దూరానో, ఎలా పైకొచ్చానో ఇప్పటికీ గుర్తులేదు. మా బావ షట్టర్‌కి చెయ్యి తగిలించాడో లేదో, అది గాలికి లేచినట్టు లేచిపోయింది.

వ్యాను తిన్నగా, గీత గీసినట్టు నిలబడి ఉంది.

"నీ చెయ్యి మామూలు చెయ్యి కాదు బావా!" అన్నాడతను.

"మరేమనుకున్నావ్?" అన్నాను. వాచిన చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

ఆ వ్యాను ఇప్పటికీ పూలరథంలా తిరుగుతోంది. ఎక్కినవాళ్ళెవరూ దారిలో దిగటం లేదు. నా చేతి వాపు కూడా తగ్గిపోయింది.

నేనే, ఆ రోజునుంచి నడుస్తూ నడుస్తూ ఎడమ పక్క గోడకి రాసుకునేవాణ్ణి. డాక్టరు ఎముకలన్నీ నొక్కి చూసి ఏమీ లేదన్నాడు. చెప్పులు కుట్టేవాడు మాత్రం, "తాతా, ఎడమ భుజాన ఏం మోస్తున్నావ్? ఈ చెప్పొక్కటే అరిగిపోతోంది," అని నవ్వేవాడు.

మొన్న పొద్దున లేచేసరికి ఆ వంకర పోయింది. గీత గీసినట్టు నిలబడ్డాను. మా ఆవిడ మురిసిపోయి దిష్టి తీసింది. చెప్పులు కుట్టేవాడి దగ్గరికెళ్ళి, "చూడరా, కుర్రాణ్ణయిపోయాను!" అన్నాను.

వాడు నా చెప్పులు తిరగేసి చూశాడు. ఈసారి నవ్వలేదు.

"రెండూ సమానంగానే అరుగుతున్నాయి తాతా," అన్నాడు. "కానీ... మునుపటికన్నా తొందరగా."