ప్రశ్నల గోడ

హైమావతి, మూల కోడ్ దాచిన బీజసంపుటిని తెరిచి ఖాళీ ఆన్‌లైన్ దుకాణాన్ని నిలబెట్టింది. ముందు అరలు, తర్వాత బుట్ట, ఆ తర్వాత చెల్లింపు ద్వారం తెర మీద వెలిగాయి. మధ్యాహ్నానికల్లా ఈ మూలదుకాణం ప్రతి విద్యార్థి పలకకూ నకలుగా వెళ్ళాలి. దాని మీదే పిల్లలు తమ ప్రాజెక్టులు కట్టుకుంటారు.

"ఛాయలను వదులు," అంది, సాయానికి వచ్చిన విద్యార్థిని జ్యోత్స్నతో.

కొనేవాళ్ళు లేని దుకాణంలో పిల్లలకు పని రాదని కొత్తబందరు విద్యాకేంద్రం ఛాయలను పెట్టింది. ఉప్పెనలో పోయినవాళ్ళ ఫోన్లు చివరి ఘడియ దాకా వదిలిన జాడలతో అల్లిన మనుషులు వాళ్ళు. కుటుంబాలు ఒప్పుకుని ఇచ్చిన జాడలే. టర్మ్ ముగియగానే ఛాయల జ్ఞాపకాన్ని తుడిచేస్తారు. వాటికి కాలం తెలియదనీ, సరుకు తప్ప మరో ధ్యాస ఉండదనీ అందరి నమ్మకం.

జ్యోత్స్న ఛాయలను వదిలి తెర వైపు వంగింది.

"మేడం, ఈయన మళ్ళీ వచ్చాడండి. ఆడపిల్ల చెప్పులు బుట్టలో వేస్తాడు, డబ్బు కట్టే చోట ఆగిపోతాడు. పోయిన టర్మ్‌లోనూ ఇంతే. కాకపోతే అప్పుడు చిన్న సైజు అడిగాడు."

హైమావతి చేతులు ఆగాయి. "సరిగ్గా చూశావా?"

"చూశానండి. పాప ఎదుగుతోందని ఈయనకి తెలుస్తోంది మేడం."

కేంద్రాన్ని నడిపే యంత్రం, పర్యవేక్షిణి, గొంతు విప్పింది. "ఒక ఛాయలో విచలనం ఉంది. నకళ్ళు వెళ్ళకముందే తొలగించండి."

తొలగిస్తే ఆ మనిషి జాడ కూడా మిగలదు. ఇలాంటివి హైమావతి ఎన్నో చేసింది. ఈసారి మీట దాకా వెళ్ళిన వేలు అక్కడే ఉండిపోయింది.

చెప్పుల బొమ్మ కింద, అందరికీ కనబడే ప్రశ్నల గోడ మీద ఆయన రాశాడు: 'వచ్చే ఏడాదికి ఈ సైజు సరిపోద్దాండీ?'

ఆ గోడ మీద దుకాణం ధర గురించో సరుకు గురించో తప్ప మాట్లాడకూడదు. హైమావతి ఆ కట్టడి తీసేసి, తనే రాసింది: 'పాప పేరేంటండీ?'

ఆయన జవాబు గోడ మీద వెలిగింది.

'మాధురి. బడికెళ్ళింది. వాన ఎక్కువైంది, ఇంకా రాలేదు.'

జ్యోత్స్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పరిధి దాటారు. తొలగింపుకు సమ్మతి తెలపండి," అంది పర్యవేక్షిణి.

"తెలపను."

"కారణం?"

"ఆయన వెతుకుతున్నాడు. వెతకనీ."

హైమావతి దుకాణాన్ని ఆయనతో సహా అన్ని పలకలకూ పంపేసింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ క్షణాన ఆమెకు పట్టలేదు.

కాసేపటికి ప్రశ్నల గోడ కదిలింది. రాసింది హైమావతి కాదు. బియ్యం అర దగ్గరున్న ఒక స్త్రీ ఛాయ.

'మాధురా? బడి పక్క మేడ మాదేనండి. పిల్లల్ని నేనే పడవెక్కించాను. మీ పాపనీ ఎక్కించాను. నాకే చోటు చాల్లేదు.'

హైమావతి కుర్చీలోంచి లేచింది. "జ్యోత్స్నా, ఆ పడవ ఏ ఒడ్డుకు చేరిందో కనుక్కో. ఆ పిల్ల బతికే ఉండొచ్చమ్మా."

పలకలన్నిటిలోనూ ఛాయలు బుట్టలు వదిలేసి, ఒకరినొకరు పేర్లు అడగడం మొదలుపెట్టాయి.