ఆదివారం కుక్కల క్లాసు

"రస్సీ నహీ చలేగీ. పట్టా చాహియే," అన్నాడు మీసాలాయన హిందీలో, కుక్క బోగీ మెడలో ఉన్న తాడును చూస్తూ. అది నిన్నటిదాకా బట్టలారేసుకున్న తాడే. తాడు కుదరదట, తోలు పట్టా కావాలట.

రత్నానికి ఒళ్లు మండింది. తెల్లారకముందే లేచి, బాగ్‌బేరా రైల్వే కాలనీ నుంచి రెండు బస్సులు మారి, కండక్టర్లను బతిమాలి కుక్కను ఎక్కించి, టెల్కో కాలనీ గ్రౌండుకు వచ్చింది ఈ మాట వినడానికా? చెల్లెలి వైపు తిరిగి, అతనికి తెలియదన్న ధీమాతో తెలుగులో అంది.

"ఏటే ఈడి టెక్కు. ముందు ఈడికి కట్టాల పట్టా."

మీసాలాయన ముఖంలో ఏ మార్పూ లేదు. రిజిస్టరు తెరిచి పిల్ల పేరు అడిగాడు. పదేళ్ల చిలకమ్మ తన పేరు పూర్తిగా చెప్పడం ఇష్టంలేక "సి. రావ్" అని గొణిగింది. పక్కనున్న ఆఫీసర్ల పిల్లలు అప్పటికే బోగీని చూసి ముసిముసిగా నవ్వుతున్నారు.

అతని పేరు బలరామ్. టెల్కో ఫ్యాక్టరీ సెక్యూరిటీలో కుక్కలకు తర్ఫీదిచ్చే ఉద్యోగం. కాలనీ క్లబ్బువాళ్లు అడిగితే ఆ వానాకాలం ఎనిమిది ఆదివారాలు పిల్లలకు క్లాసు పెట్టాడు. బలరామ్ అన్న పేరు బీహారీకీ సరిపోతుంది, ఒరియావాడికీ సరిపోతుంది. అతని హిందీ వింటే ఎవరికీ మరో అనుమానం రాదు.

ఏ ఊరి పిల్లలైనా రావచ్చని నోటీసులో ఉంది. ఏ జాతి కుక్కలైనా అని రాయలేదు గానీ, వద్దని కూడా రాయలేదు. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో టైపిస్టుగా పనిచేసే రత్నానికి కాగితంలో సందులు వెతకడం బాగా తెలుసు. అందుకే పన్నెండు అల్సేషియన్లు, లాబ్రడార్లు, పొమేరియన్ల పక్కన పదమూడోదిగా బోగీ నిలబడింది. రైల్వే యార్డులో గూడ్సు బోగీ కింద దొరికింది కాబట్టి దానికి ఆ పేరు.

బోగీ మంచిదే. సైకిలు కనిపిస్తే మాత్రం దానికి ఒళ్లు తెలియదు. డ్యూటీకి వెళ్లేవాళ్లను ఇద్దరిని అప్పటికే పడగొట్టింది. రెండోసారి రైల్వే కాలనీ అంతా గుమ్మంలోకి వచ్చి పడింది. తండ్రి సన్యాసిరావు తీర్పు చెప్పేశాడు.

"విశ్వకర్మ పూజ లోపల ఇది సైకిళ్ల జోలికి పోడం మానేత్తే ఉంతాది. నేకపోతే ఆదిత్యపూర్ షెడ్డోళ్లకి ఇచ్చీడమే. గొలుసేసి గేటుకాడ కట్టుకుంతామన్నారు."

సెప్టెంబరులో కార్ఖానాలన్నీ జరుపుకునే ఆ పూజకు రెండు నెలల చిల్లర గడువుంది. యార్డులో రైళ్ల దారి తిప్పే పాయింట్లు మార్చడం ఆయన ఉద్యోగం. ఇంట్లో మాత్రం చెప్పిన మాట మార్చడు. ఆ రోజు చిలకమ్మ అన్నం ముట్టలేదు. బోగీని వాటేసుకుని పెరట్లోనే కూర్చుంది. అది చూసే రత్నం ఈ క్లాసు సంగతి వెతికి పట్టుకుంది.

కానీ క్లాసులో బోగీ పరువు తీసింది. "సిట్" అంటే అల్సేషియన్లు ఆఫీసర్లలా కూర్చునేవి. బోగీ తోకాడిస్తూ చిలకమ్మ ముఖంలోకి చూసేది. "స్టే" అంటే వెంటే నడిచేది. చిలకమ్మకు ఏడుపొచ్చి "బైఠ్ నా, బైఠ్" అని హిందీలో బతిమాలేది.

గట్టు మీద కూర్చున్న రత్నం తన కడుపుమంటంతా తెలుగులో తీర్చుకునేది.

"కుక్కల కన్నా ఈడే నిటారుగా ఉన్నాడు సూడు. ఆ మీసాలకి ఇస్త్రీ ఎవుర్తి సేత్తాదో."

"అప్పా, యహాఁ తెలుగు మత్ బోలో. అందరూ చూస్తున్నారు," అని అక్క తెలుగు మాటలు ఆపబోయేది చిలకమ్మ తల దించుకుని.

"సూడనీ. మనది దొంగ సొత్తేటి, దాసుకోడానికి?"

మూడో ఆదివారం వాన దంచింది. పిల్లలూ కుక్కలూ పెవిలియన్ రేకుల కిందికి పరిగెత్తారు. పొమేరియన్ వచ్చి సరిగ్గా బలరామ్ ముందు నిలబడి ఒళ్లు దులిపింది. నీళ్లన్నీ అతని ముఖం మీద. అతను పగలబడి నవ్వాడు. అంత పెద్ద మీసాల కింద అంత పసి నవ్వుంటుందని రత్నం అనుకోలేదు.

"నవ్వితే మాత్రం బాగున్నాడే," అంది చెల్లెలి చెవిలో, వాన చప్పుడుకు కాస్త గట్టిగానే. "ఇంట్లో పెళ్లాం పెట్టి పుట్టింది."

బలరామ్‌కు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. కాసేపు వానకేసి తిరిగి నిలబడ్డాడు. తర్వాత వంగి, పొమేరియన్ తల నిమురుతూ దానితో హిందీలో అన్నాడు, తనకింకా పెళ్లి కాలేదని, ఇంట్లో అమ్మా నాన్నా తప్ప ఎవరూ లేరని. కుక్కతో ఇంటి సంగతులు చెప్పుకునే మనిషిని చూసి రత్నం నవ్వుకుంది. ఆ రోజు బస్సులో అతని ముఖం రెండుమూడుసార్లు గుర్తొచ్చింది. నాలుగో ఆదివారం కొత్త చీర కట్టుకుంది. క్లాసుకు వెళ్లడానికి కొత్త చీరెందుకని తల్లి నూకాలమ్మ అడిగితే, వాన కదా అని ఏదో చెప్పింది.

ఆరో ఆదివారం అసలు సంగతి బయటపడింది. క్లాసు అయిపోయింది, మిగతా పిల్లలంతా వెళ్లిపోయారు. పేపరబ్బాయి సైకిలు మీద గేటు ముందు నుంచి వెళ్లాడు. బోగీ చిలకమ్మ చేతిలోంచి పట్టా లాగేసుకుని రోడ్డుకేసి దూసుకుపోయింది. ఎదురుగా షిఫ్టు బస్సు వస్తోంది. "స్టాప్, రుక్ జా," అని చిలకమ్మ అరుస్తూనే ఉంది. బోగీ వినలేదు.

"ఓరి బోగీ, ఆగు. కూకో అక్కడ."

గేటు దగ్గరే బోగీ ఆగింది. బుద్ధిగా కూర్చుంది. బస్సు వెళ్లిపోయింది.

ఆ గొంతు బలరామ్‌ది.

రత్నం ముందు బోగీని చూసింది. తర్వాత అతన్ని చూసింది. ఆ తర్వాత ఆరు ఆదివారాలూ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. టెక్కు, పట్టా, మీసాలకు ఇస్త్రీ, పెట్టి పుట్టిన పెళ్లాం. చెవుల దాకా వేడెక్కింది.

"మీది..."

"టెక్కలి దగ్గరండి. నాన్న ముప్పయ్యేళ్ల కిందట పనికొచ్చీసి ఇక్కడే ఉండిపోనాడు."

"అంటే నానన్నవన్నీ..."

"అన్నీ విన్నానండి. ఒక్కటీ మర్సిపోలేదు."

"మొదటి రోజే సెప్పొచ్చు కదా."

"మొదటి రోజు సెప్తే నొచ్చుకుంతారనుకున్నాను. వానరోజు సెప్తే రావడం మానేత్తారని భయమేసింది."

రత్నానికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికింద ఇంకేదో ఉంది, అది ఆమెకే నచ్చలేదు. "క్లాసులో అయినా ఒక్క తెలుగు ముక్క మాటాడ్లేదేటి మీరు? అంత నామోషీ ఏటి?" అంది.

అతను నవ్వలేదు. "సదువుకున్న రోజుల్లో బళ్లో ఎగతాళి సేసేవారండి, మా మాట. ఇంటి గడప దాటితే తెలుగు మాటాడ్డం అప్పుడే మానేసినాను. అలవాటైపోయింది." తర్వాత బోగీ చెవులు నిమురుతూ అన్నాడు. "ఈడికి బుర్ర లేదనుకోకండి. ఇంట్లో ఈడితో ఎవురు మాటాడతారు?"

"మా అమ్మ. కూకోమంతే కూకుంతాది, ఆగమంతే ఆగుతాది." చెబుతూ చెబుతూ రత్నం ఆగిపోయింది. ట్రైనింగంటే ఇంగ్లీషులోనే అనుకున్నారు ఇంటిల్లిపాదీ. వచ్చిన పాఠాన్నే దానికి రాని భాషలో ఆరు వారాలుగా అడుగుతున్నారు.

"మరి పరీక్షలో సిలకమ్మ తెలుగులో సెప్పాల," అన్నాడు బలరామ్.

"నాను చెప్పను. అందరూ నవ్వుతారు," అంది చిలకమ్మ వెంటనే.

రత్నం చెల్లెలిని దగ్గరికి తీసుకుంది. బలరామ్‌నే సూటిగా చూసింది. "అంత పొడుగు మనిషి మీరే నోరు కట్టుకుని నిలబడితే, పదేళ్ల గుంటకి ధైర్యం ఎక్కణ్నుంచి వత్తాది?" అనేసి, కుక్కనూ చెల్లెలినీ తీసుకుని బస్టాపుకు నడిచింది.

ఏడో ఆదివారం రత్నం, బలరామ్ అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. ఇంటి దగ్గర చిలకమ్మ పెరటి తలుపులు వేసుకుని బోగీకి తెలుగులో నేర్పింది. నాన్న సైకిలు బెల్లు కొడుతూ రత్నం దాని ముందే తిరిగింది. తలుపుల వెనక అంతా బాగానే ఉంది. పదిమందిలో ఆ పిల్ల నోరు లేస్తుందా అన్నదే రత్నం బెంగ.

ఎనిమిదో ఆదివారం పరీక్ష. గ్రౌండు చుట్టూ కార్లు, కుర్చీలు, షామియానా. కలకత్తా నుంచి జడ్జిగా ఒక పార్సీ పెద్దావిడ వచ్చింది. సన్యాసిరావు నైట్ డ్యూటీ దిగి, నీలం యూనిఫాంలోనే నేరుగా వచ్చి హద్దు తాడు అవతల నిలబడ్డాడు. చేతిసంచిలో షెడ్డువాళ్లిచ్చిన గొలుసు ఉంది. విశ్వకర్మ పూజ ఈ వారంలోనే, పరీక్ష తప్పితే సాయంత్రం వాళ్లొచ్చి బోగీని తీసుకుపోతారు. చిలకమ్మ ఆ సంచినే చూస్తోంది.

కుక్కను కూర్చోబెట్టి ముప్పై అడుగులు వెనక్కి వెళ్లాలి. రెండు నిమిషాలు అది కదలకూడదు. మధ్యలో ఒకడు బెల్లు కొడుతూ సైకిలు మీద పోతాడు. తర్వాత పిలిస్తే రావాలి. ఏ ఆజ్ఞకైనా రెండే అవకాశాలు.

పదమూడో నంబరు పిలిచేముందు బలరామ్ మైకు అందుకున్నాడు. మొదట హిందీలో చెప్పాడు. "మేడమ్, ఈ కుక్క తెలుగు కుక్క. తెలుగులో చెబితేనే వింటుంది. నేనూ తెలుగువాణ్నే. ఈ సంగతి ఇన్నాళ్లూ నాతో పనిచేసేవాళ్లకు కూడా చెప్పలేదు. తప్పు నాది." తర్వాత గ్రౌండంతా వినేలా తెలుగులో అన్నాడు. "సిలకమ్మా, బెదరకమ్మా. మీ అమ్మ ఎలా సెప్తాదో అలాగే సెప్పు."

ఫ్యాక్టరీవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. బలరామ్ అటు తిరిగి చూశాడు, ఆ నవ్వు ఆగిపోయింది. గట్టు మీద రత్నం గుండె పొంగింది. ఆ క్షణంలో అతను ఆమెకు నచ్చాడు, ఇంకేమీ దాచుకోవాలనిపించనంతగా నచ్చాడు.

"కుక్క వింటే చాలు. ఏ భాషైతే నాకేం?" అంది జడ్జి.

చిలకమ్మ మధ్యలోకి వచ్చింది. ఆఫీసర్ల పిల్లల వైపు ఒకసారి చూసింది. సన్నగా, "సిట్," అంది.

బోగీ తోకాడించింది. పిల్లలు నవ్వారు. ఒక అవకాశం పోయింది. సన్యాసిరావు సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

చిలకమ్మ కళ్లనిండా నీళ్లు. మోచేత్తో తుడుచుకుంది. ఊపిరి గట్టిగా పీల్చుకుంది.

"బోగీ. కూకో."

నూకాలమ్మ గొంతే. బోగీ కూర్చుంది.

"ఉండక్కడే. కదిలినావంతే సూడు."

ముప్పై అడుగులు నడిచి వెనక్కి తిరిగింది. సైకిలు వచ్చింది. బెల్లు మోగింది. బోగీ భుజాలు వణికాయి, ముందుకాలు ఒకటి కాస్త లేచింది. చిలకమ్మ కన్నార్పకుండా దాన్నే చూసింది. ఆ కాలు మళ్లీ నేలమీద ఆనింది. సైకిలు వెళ్లిపోయింది. బోగీ కళ్లు మాత్రం చిలకమ్మ మీదే ఉన్నాయి.

"రా," అంది చిలకమ్మ రెండు చేతులూ చాచి.

అది వచ్చిన ఊపుకు ఇద్దరూ బురదలో పడ్డారు. జడ్జి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సర్టిఫికెట్ రాస్తూ పేరు అడిగింది.

"చిలకమ్మ," అంది పిల్ల, పూర్తిగా.

"కుక్క జాతి?"

బోగీ మెడ మీద చెయ్యేసి, అందరూ వినేలా చెప్పింది. "బాగ్‌బేరా."

జడ్జి ఒక్క క్షణం ఆగి, నవ్వి, అలాగే రాసింది. సన్యాసిరావు టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు, చెమటకేనని రత్నంతో చెప్పాడు గానీ ఆమె నమ్మలేదు. పక్కన నిలబడ్డ ముక్కూ మొహం తెలియని పెద్దమనిషికి, "మా గుంటే," అని రెండుసార్లు చెప్పాడు. తర్వాత, "గొలుసు ఆళ్లకి ఇచ్చెత్తాను," అన్నాడు.

బలరామ్ వచ్చి ఆయనకు నమస్కారం పెట్టాడు. ఆయన ఊరూ పేరూ అడిగి, తమ్ముడి అత్తవారూరు టెక్కలి పక్కనే అని సంబరపడి, కూతురి సర్టిఫికెట్ మరోసారి చూసుకోవడానికి వెళ్లాడు.

రత్నం, బలరామ్ మిగిలారు.

"ఇయ్యాల్టితో క్లాసు అయిపోయిందండి," అన్నాడతను. "ఇంక ఆదివారాలు ఏటి సెయ్యాలో తోచట్లేదు."

"మా ఇంటికి రండి."

"వచ్చి ఏటని సెప్పాలండి?"

రత్నం తల వంచుకోలేదు. షామియానా కింద అంతమంది ఉన్నారు, వాళ్లలో తెలుగు తెలిసినవాళ్లు ఎంతమందో ఆమెకు తెలియదు. గొంతు మాత్రం తగ్గించలేదు.

"రత్నవంతే నాకు ఇష్టం, పిల్లనివ్వండి అని సెప్పండి. నాకూ మీరంతే ఇష్టవే. మొహమాటపడి హిందీలో మాత్రం అడగొద్దు, మా అమ్మకి రాదు."

బలరామ్ ఆదివారం దాకా ఆగలేదు. విశ్వకర్మ పూజ సెలవు రోజునే అమ్మనీ నాన్ననీ వెంటబెట్టుకుని బాగ్‌బేరాకు వచ్చి, వాకిట్లో నిలబడి, నాలుగు క్వార్టర్లకు వినబడేలా తెలుగులో అడిగాడు.