నూనె లేని వీపు

లోపలి దేవుణ్ణి ఏనాడూ చూడకుండా, ఆయనకు వీపు పెట్టి నిలబడే ద్వారపాలకుడికి పుణ్యం దక్కుతుందా? చిన్ననాటి నుంచీ ఏజెంట్ కిష్టప్పను వదలని సందేహమది.

ఆ ఉదయం బ్రీఫింగ్‌లో చీఫ్ సూటిగా చెప్పాడు.

"మీ చిట్కుల్ గుట్ట మీది బౌద్ధాలయం. వాకిట్లో రెండు రాతి కావలి విగ్రహాలు. ఒకటి పోయిన నెలే సముద్రం దాటింది. రెండోదీ, దానికి జతగా చేయించిన డూప్లికేటూ ఇవాళ లారీలో బొంబాయికి పోతున్నాయి. డూప్లికేట్ కడుపులో మైక్రోఫిల్మ్. మన సరిహద్దు ఔట్‌పోస్టుల మ్యాపులు."

"లారీ ఆపేస్తే?"

"విదేశాలకు పంపే పర్మిట్ ఉంది వాళ్ల దగ్గర. మనకు ఒక్క విగ్రహం పగలగొట్టి చూడటానికే ఆర్డర్, అదీ పది నిమిషాల్లో. గురి తప్పితే ఫిల్మూ పోతుంది, శిల్పమూ పోతుంది. వాళ్ల ఇంటర్‌ప్రెటర్ నజీరా మన మనిషే. ఏది నకిలీయో చెబుతుంది."

మధ్యాహ్నం ముత్తంగి దగ్గర రేడియేటర్‌లో నీళ్లకని లారీ ఆగింది. హమాలీ వేషంలో కిష్టప్ప బకెట్‌తో వెళ్లాడు. నల్ల కళ్లద్దాలు, అత్తరు ఘుమఘుమలతో నజీరా దిగింది.

"తంగేడు పూలు దొరుకుతయా, భాయ్?"

"గుట్ట మీదనే, బేగం సాబ్."

కోడ్ కుదిరింది. "ఎడమది. జల్దీ!" అంది గుసగుసగా.

కిష్టప్ప ఈల వేయగానే పోలీసులు లారీని చుట్టుముట్టారు. ముఠా నాయకుడైన తెల్లదొర పర్మిట్ చూపించి, పోలీసుల ఆర్డర్ చదివి, "ఓన్లీ వన్!" అంటూ నవ్వాడు.

లారీ ఎక్కి విగ్రహాల మీది గడ్డి తీస్తే రెండు ముఖాలూ ఒకేలా నూనెతో మెరుస్తున్నాయి. కిష్టప్ప ఎడమదానిపై సుత్తి ఎత్తాడు. దొర నింపాదిగా సిగరెట్ వెలిగించుకున్నాడు. ఆ నింపాదే కిష్టప్ప చేతిని ఆపింది.

చిన్నప్పుడు తన జ్వరం తగ్గాలని ఈ కావలివాడికి గిద్దెడు నూనె మొక్కుకుంటూ అమ్మ అన్న మాట గుర్తొచ్చింది: "ముందు వీపుకే రాయాలె, బిడ్డా. వాడు దేవుణ్ణి సూడకున్నా, దేవుడు వాని వీపు సూస్తడు."

వెనక్కి చెయ్యి పెట్టాడు. ఎడమదాని వీపు తరాల నూనె తాగి జిడ్డుగా ఉంది. కుడిదాని వీపు పొడిగా, గరుకుగా ఉంది.

"టైమ్ అప్!" అన్నాడు దొర. లారీ కదిలింది. సుత్తి కుడిదాని మీద పడింది.

పెచ్చులు ఎగిరి, రేకు గొట్టం బయటికి దొర్లింది.

బేడీలు పడుతుంటే నజీరా తలెత్తలేదు. "మా తమ్ముడు వాళ్ల చేతుల్ల ఉన్నడు, భాయ్. ఇగ రాడు."



పొద్దు వాలేవేళకు ఒంటరి ద్వారపాలకుణ్ణి గుట్ట మీద మళ్లీ నిలబెట్టారు. గర్భగుడి ఎప్పటినుంచో ఖాళీ. రోజూ వాకిలి ఊడ్చే రాజవ్వ నిట్టూర్చింది.

"జతగాడు పాయె. లోపల దేవుడే లేకపాయె. ఇగ వీడు ఎవల్ని కాస్తడు, కొడుకా?"

"నన్నడుగుతవేందవ్వా? నాది గూడ గదే నౌకరీ" అంటూ కిష్టప్ప జేబులోంచి సీసా తీశాడు.

అమ్మ తీర్చకుండానే చనిపోయిన మొక్కు, ఆ గిద్దెడు నూనె. ముందుగా వీపుకే రాశాడు.