విరిగిన గడప ఎదుట

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో గాజులమ్ముకునే రహమత్‌బీ మొగుడు అమీర్ బాషా ఫోటోలు తీసేవాడు. ఆళ్లగడ్డలో పెళ్లి ఫోటోలకని పోయినవాడు మళ్లీ రాలేదు. కెమెరా మాత్రం ఎవరో బస్సులో పంపిస్తే వచ్చింది. మొగుడు రాని ఇంట్లో కెమెరాను ఏం చేసుకుంటుందండీ ఆ మనిషి?

మరిది ఇమామ్ అందులోని రీలు కడిగితే ఒక్కటే బొమ్మ తేలింది. ఒక వీధి, ఎదురుగా నల్లబండల మెట్లు, మూల విరిగిన గడప. మనుషులెవరూ లేరు.

"ఇది యాడిదని చెప్తాం వదినా? బండల మెట్లు లేని వీధుందా ఈ పక్క?" అన్నాడు ఇమామ్.

రహమత్‌బీ గాజులు తొడిగేది గడపల కాడ కూచునే కదా. మొహాలు మరిచినా గడపలు మరవదు.

"ఆళ్లగడ్డలో జానకమ్మ ఇల్లు. ఆ విరుగు మీదే నా బుట్ట ఒరుగుతాంటుంది. ఆయప్ప పానంతో ఉన్నాడో, లేదో... పద."

మరునాటి మిట్టమధ్యాహ్నం ఆ వీధిలో దిగారు. మగవాళ్లు చేలకు పోయారు. జానకమ్మ వాళ్లను చూసి మాట్లాడకుండా పక్కకు తొలగింది. గాదెలు, కొట్టం, గడ్డివామి అన్నీ వెతికారు. లేడు.

గడప మీద కూలబడి బొమ్మ మళ్లీ చూసుకుంది రహమత్‌బీ. తన బుద్ధికి తనకే ఒళ్లు మండింది. బొమ్మలో కనబడే ఇల్లు వెతికితే ఏం లాభం? తీసిన చోటు కదా వెతకాల్సింది.

బొమ్మలో కిందిమెట్టు కూడా కళ్లకంటే ఎత్తున ఉంది. నేల మీద కూచున్నా అట్లా కనబడదు. మనిషి నేల లోపల ఉంటే తప్ప...

మెట్లకు ఎదురుగా, వీధి నడుమ, జొన్నలు దాచే పాతర. మూతిబండ చుట్టూ కొత్త మట్టి. ఈగలు.

"తీయొద్దమ్మా," జానకమ్మ గుసగుసగా అంది. "మావోళ్లు ఒకణ్ణి నరుకుతాంటే ఆయప్ప ఫోటో తీసినాడు. తీసిన చేతులు రెండూ నరికి, ఆడ దించిరి. రీలు పెరికి పొయ్యిలో ఏసిరి. వట్టి కెమెరా నేనే బస్సుకిచ్చి పంపిస్తి."

"వట్టి కెమెరానా? మరి నేను కడిగిందేందీ?" అన్నాడు ఇమామ్.

రహమత్‌బీ అప్పటికే మూతిబండ మీద చేతులేసింది.

ఇద్దరూ బండ జరిపారు. వేడి ఆవిరి మొహాన కొట్టింది... పులిసిన జొన్నల వాసన. దాని కింద ఇంకో వాసన. పాతర తెరిస్తే ఆ ఆవిరి పోయేదాకా ఎవరూ తల వంచరు, ఊపిరాడక పోతారని. రహమత్‌బీ ఆగలేదు. బోర్లా పడి లోపలికి చూసింది.

పాతర గొంతు దాకా జొన్నలు. నెత్తురుతో గడ్డకట్టి నల్లబడిన జొన్నలు. వాటి మీద అమీర్ బాషా. మణికట్లు లేని మొండి చేతులు రొమ్ము మీద తాడుతో కట్టేసి ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి.

ఏడుస్తూనే, ఆ కళ్లు మూద్దామని చెయ్యి చాపింది.

చెయ్యి మోచేతి దాకా పోయి, ఆగింది. గాజులు ఒక్కొక్కటే చిట్లుతున్నాయి... నెత్తురు బొట్లుబొట్లుగా జొన్నల మీద పడుతోంది.

"వదినా, ఆవిరి తగులుతాది. వదిలిపెట్టి తొందరగా రా," ఇమామ్ ఆమె భుజం పట్టి లాగాడు. రాలేదు.

"పట్టుకున్నది నేను కాదు, ఇమామ్," అంది రహమత్‌బీ.