ఇంట్లో ఎంతమంది?

ప్రొఫెసరుగారు కొత్త సర్వే ప్రశ్నలు తయారు చేసినప్పుడల్లా ముందు భార్యను అడిగి చూసుకుంటారు. ఆ పొద్దున కూడా ఆవిడ పొయ్యి దగ్గర కూర కలుపుతుంటే కాగితాలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

గణితంలో డిగ్రీ, అర్థశాస్త్రంలో పీజీ, ఆపైన డాక్టరేటు. పరిశోధనాసక్తులు: కుటుంబాల ఖర్చులు, ఇంట్లో తిండి పంపకాలు. సభల్లో ఆయన పరిచయం విని విని ఆవిడకిదంతా కంఠతా వచ్చు. ఎవరింట్లో ఎవరెలా తింటారో ఊరూరా తిరిగి తెలుసుకున్న ఈ మహానుభావుడు తన పళ్లెం మాత్రం గదిలోకి తెప్పించుకుని, పుస్తకంలో తల దూర్చి తింటారు. కూతురు పెళ్లై వెళ్లాక భోజనాల బల్ల దగ్గర ఆవిడ ఒక్కతే. రెండో కుర్చీ నిండా ఆయన పత్రికలే.

"అమ్మా, మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?" సర్వే గొంతుతో అడిగారాయన.

"ఒక్కదాన్నే."

"పరాచికాలొద్దు. సరిగ్గా చెప్పు."

"సరిగ్గానే చెప్పానండీ. ఒకే పొయ్యి మీద వండుకుని కలిసి తినేవాళ్లే కుటుంబమని మీ స్టూడెంట్లకి చెప్తారుగా. మీరు నాతో కలిసి తిని ఎన్నాళ్లయింది?"

"పనిలో ఉంటాను, నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నా. రేపు చెల్లి దగ్గరికి వెళ్తున్నా. అక్కడే ఉండిపోదామని ఉంది. గోడని చూస్తూ తినడం ఇక నా వల్ల కాదు."

"నీకేం తక్కువ చేశానే?" ఆయన గొంతు లేచింది.

ఆవిడ స్టవ్ కట్టేసింది. "మొన్న జ్వరమొచ్చి ఆ రోజంతా ముద్ద ముట్టలేదు నేను. ఎవరు తిన్నారు, ఎవరు పస్తున్నారు అని లోకాన్నంతా గుచ్చి గుచ్చి అడుగుతారే, నన్నడిగారా?"

ఆ రోజు కూడా తన పళ్లెం వేళకే వచ్చింది. అది గుర్తొచ్చి ఆయనకు సిగ్గేసింది, ఆపైన భయం కూడా వేసింది. కాగితాలు పక్కన పడేసి, కుర్చీలోని పత్రికలన్నీ ఎత్తి నేలమీద పెట్టారు. పళ్లేలు ఏ అరలో ఉంటాయో తెలియక తలుపులన్నీ తెరిచి చూశారు. వెతుక్కోనీ అని ఆవిడ ఊరుకుంది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఉప్పు అడగబోయిన ఆయన తానే లేచి తెచ్చుకున్నారు. కాసేపటికి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇప్పుడడగనా? ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కపూటకే ఇద్దరమైపోతామా? తిండి లెక్క వారం రోజులది తియ్యాలని మీరేగా అంటారు."

ఆవిడ ఎడంచేత్తో ఫోన్ అందుకుని చెల్లెలికి చేసింది.

"రేపు రావట్లేదే. సంగతేంటో వచ్చే వారం చెప్తా."